పట్టాల ప్రక్కన పుట్టిన క్రీడాసంఘం

అర్జెంటీనా అనగానే మన విద్యార్థులకు రెండు పేర్లు స్ఫురిస్తాయి. ఒకటి డీగో మారడోనా, రెండవది లయొనెల్ మెస్సీ. 1978, 1986, 2022 సంవత్సరాలలో ముమ్మారు ప్రపంచ కప్పును గెలుచుకొన్న ఆ దేశపు కీర్తి మన మైదానాల వరకు ప్రాకినది. అయితే పెద్ద నదిని చూచినవారు దానికి నీరందించిన వాగులను మరచిపోవడం లోకసహజం. అర్జెంటీనాలో ఆటగాళ్ళు పుట్టుకొచ్చినది పేటపేటకూ వెలసిన క్రీడాసంఘాలలో. వాటిని అక్కడ క్లబ్బులు అంటారు. మనలో చాలామందికి క్లబ్బు అనగానే పేకాట, కాలక్షేపం గుర్తుకు వస్తాయి. అక్కడివారికి క్లబ్బు అంటే పిల్లవాడు ఈత నేర్చుకొనే చోటు, అక్క వాలీబాల్ ఆడే చోటు, తాత సాయంకాలం కూర్చొనే చోటు, ఆదివారం ఇంటిల్లిపాదీ కలిసి జట్టును చూడబోయే చోటు.

అటువంటి సంఘాలలో ఒకదాని కథను మన పాఠకులకు పరిచయం చేయడమే ఈ వ్యాసోద్దేశం. దాని పేరు ఫెర్రో కర్రీల్ ఓయెస్తే. అభిమానులు క్లుప్తంగా ఫెర్రో అంటారు. ఒకప్పుడు రెండు పర్యాయాలు జాతీయ విజేతగా నిలిచిన ఈ క్లబ్బు తరువాత దివాలా తీసి, మూడవ శ్రేణి వరకు జారి, అక్కడి నుండి రెండవ శ్రేణికి ప్రాకి వచ్చి ఆగినది. ఒక సంస్థ ఎలా పుడుతుంది, ఎలా ఎదుగుతుంది, ఎలా కూలుతుంది, కూలిన తరువాత కూడా ఎలా బ్రతుకుతుంది అనే నాలుగు ప్రశ్నలకూ ఈ ఒక్క క్లబ్బు చరిత్రలో సమాధానం లభిస్తుంది. ప్రపంచ ప్రసిద్ధి గాంచిన క్లబ్బులను విడిచి దీనిని ఎన్నుకొనడానికి కారణం అదే.

రైలు మార్గము - రైలు ఉద్యోగులు

స్పానిష్ భాషలో ఫెర్రో కర్రీల్ ఓయెస్తే అనగా ‘పశ్చిమ రైలు మార్గం’ అని అర్థం. అర్జెంటీనాలో ప్రప్రథమ రైలు నడచినది ఈ మార్గం మీదనే. 1857 ఆగస్టు 29వ తేదీన రాజధాని బ్యూనస్ ఐరిస్ నడిబొడ్డు నుండి పశ్చిమంగా ఫ్లోరెస్తా అనే శివారు వరకు, సుమారు 10 కిలోమీటర్ల దూరం, ‘లా పోర్తేన్యా’ అనే ఆవిరి యంత్రం బండ్లను లాగినది. ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో తయారైన ఆ యంత్రాన్ని లుహాన్ పట్టణపు మ్యూజియంలో భద్రపరచినారు. ఆ మార్గంలో రెండు పట్టాల నడుమ దూరం 1676 మిల్లీమీటర్లు. మన దేశంలో బ్రాడ్‌గేజి అని పిలిచే కొలత కూడా సరిగా ఇదే. కాజీపేటలో మనం దాటే పట్టాలకూ, భూగోళానికి ఆవలి ప్రక్కన ఫెర్రో మైదానం వెంబడి సాగే పట్టాలకూ వెడల్పులో తేడా లేదన్నమాట. రెండింటి వెనుకనూ బ్రిటిష్ ఇంజనీర్ల, పెట్టుబడిదారుల ప్రమేయమున్నది.

మొదట స్థానికుల పెట్టుబడితోను, తరువాత బ్యూనస్ ఐరిస్ రాష్ట్ర ప్రభుత్వం చేతిలోను నడచిన ఈ మార్గాన్ని 1890లో బ్రిటిష్ కంపెనీకి విక్రయించినారు. ఆంగ్లేయ అధికారులతోపాటు వారి ఆటలు కూడా రైలెక్కి వచ్చినవి. అర్జెంటీనాలో రైలు కంపెనీల ప్రాపకంలో పుట్టిన క్లబ్బులు పెక్కు కలవు. రొసారియో నగరంలోని రొసారియో సెంట్రల్ క్లబ్బు కూడా రైలు కార్మికుల మధ్యనే పుట్టినది.

1904 జూలై 28వ తేదీన పశ్చిమ రైల్వేలో పనిచేసే 95 మంది ఉద్యోగులు సమావేశమై ఒక క్రీడాసంఘాన్ని స్థాపించుకొన్నారు. మరుసటి సంవత్సరం, అనగా 1905లో, కబయీతో అనే పేటలో పట్టాల ప్రక్కనే వారి మైదానం ఏర్పడినది. స్పానిష్‌లో కబయీతో అంటే ‘చిన్న గుర్రం’. 19వ శతాబ్దంలో ఆ ప్రాంతంలో ఉండిన ఒక అంగడి కప్పు మీద గాలి దిక్కును చూపే గుర్రపు బొమ్మ ఉండేదట. ఆ బొమ్మ పేరే పేటకు స్థిరపడినది. దేశంలోని అతి ప్రాచీనమైన క్రీడామైదానాలలో ఒకటిగా నేటికీ ఫెర్రో మైదానాన్ని పేర్కొంటారు. చిరకాలం ప్రేక్షకులు కూర్చొనే మెట్లు చెక్క పలకలతో కట్టినవి కావడం వలన అభిమానులు దానిని ‘చెక్క మందిరం’ అని ముద్దుగా పిలుచుకొన్నారు.

క్లబ్బు రంగు ఆకుపచ్చ. ఆ రంగును బట్టి జట్టుకు ‘వెర్దోలాగా’ అనే పేరు వచ్చినది. వెర్దోలాగా అనగా మరేమో కాదు, మనం పప్పులో వేసుకొని తినే గంగవాయిలి కూర. నేలను అంటిపెట్టుకొని ప్రాకే ఆ మొక్క వారికీ మనకూ కూడా పరిచితమే.

కంపెనీ పోయినది, పేరు నిలిచినది

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. మన దేశంలో ఫుట్‌బాల్ జట్లు అనేకం కార్యాలయాల జట్లుగా వర్ధిల్లినవి. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పును గెలుచుకొన్నదంటే ఆ జట్టు వెనుక పోలీసు శాఖ ఉన్నది. శాఖ ఉద్యోగమిస్తుంది, శాఖ మైదానమిస్తుంది, శాఖ శ్రద్ధ తగ్గిననాడు జట్టు కూడా తగ్గుతుంది. ఫెర్రో కూడా రైలు కంపెనీ నీడలోనే పుట్టినది. కాని అది కంపెనీ శాఖగా ఉండిపోలేదు. కాలక్రమంలో రైలుతో ఏ సంబంధమూ లేని కబయీతో నివాసులు, వారి భార్యాబిడ్డలు అందులో సభ్యులైనారు.

1948 మార్చి 1వ తేదీన అధ్యక్షుడు హువాన్ పెరోన్ ప్రభుత్వం బ్రిటిష్ రైలు మార్గాలను జాతీయం చేసినది. పశ్చిమ రైలు మార్గానికి దొమింగో ఫౌస్తీనో సర్మియెంతో పేరు పెట్టినారు. ఆయన 1868 నుండి 1874 వరకు దేశాధ్యక్షుడుగా ఉండి పాఠశాలల విస్తరణకై పాటుపడిన మహనీయుడు. ఆ విధంగా ‘పశ్చిమ రైల్వే’ అనే కంపెనీ పటం నుండి అదృశ్యమైనది. ఆ పేరు మాత్రం ఒక్క క్రీడాసంఘంలో మిగిలినది. తల్లి గతించిన తరువాత ఆమె పేరును బిడ్డ నిలిపినట్లయినది.

అర్జెంటీనాలో క్లబ్బులు న్యాయశాస్త్రరీత్యా పౌర సంఘాలు. వాటికి యజమాని ఉండడు, వాటాదారులుండరు, లాభం పంచుకొనే ఆచారం లేదు. నెలనెలా చందా చెల్లించే సభ్యుడే వాటికి ఆధారం. ఆ సభ్యులే నియమిత కాలానికొకసారి ఓటు వేసి అధ్యక్షుని, కార్యవర్గాన్ని ఎన్నుకొంటారు. బ్యూనస్ ఐరిస్‌లో పుట్టిన బిడ్డకు పేరు పెట్టిన వారంలోనే క్లబ్బు సభ్యత్వపు కార్డు తీసుకొనే తండ్రులున్నారంటే అతిశయోక్తి కాదు. ఫెర్రోలో సభ్యుడైనవాడు ఫుట్‌బాల్ చూడడంతో సరిపెట్టుకోడు. ఈత, టెన్నిస్, బాస్కెట్‌బాల్, వాలీబాల్, హ్యాండ్‌బాల్ మొదలగు క్రీడలన్నిటికీ అతనికి ప్రవేశమున్నది.

ఎగువకు - దిగువకు

పాఠకుల సౌకర్యార్థం అక్కడి పోటీల పద్ధతిని కొంత వివరించడం అవసరం. క్లబ్బులు శ్రేణులుగా విభజింపబడి ఉంటాయి. సంవత్సరాంతంలో ప్రథమ శ్రేణిలో అట్టడుగున నిలిచిన జట్లు ద్వితీయ శ్రేణికి దిగుతాయి. ద్వితీయ శ్రేణిలో అగ్రస్థానం పొందినవి పైకి వస్తాయి. పరీక్షలో తప్పిన విద్యార్థి మరల అదే తరగతిలో కూర్చుంటాడు. ఇక్కడ తప్పినవాడు క్రింది తరగతికే పోవాలి. 1983లో అర్జెంటీనాలో ఈ పతనాన్ని ఒక్క సంవత్సరపు ఫలితాలను బట్టి గాక, మూడు సంవత్సరాల పాయింట్ల సగటును బట్టి నిర్ణయించే పద్ధతి వచ్చినది.

1931లో వృత్తిపరమైన లీగు ప్రారంభమైనప్పుడు అందులో చేరిన 18 క్లబ్బులలో ఫెర్రో ఒకటి. కాని కీర్తి అంతా ఐదు పెద్ద క్లబ్బుల పాలైనది. బోకా జూనియర్స్, రివర్ ప్లేట్, ఇండిపెండియెంటే, రేసింగ్, సాన్ లొరెంజో అనే ఈ ఐదింటిని దాటి 1931 నుండి 1966 వరకు ప్రథమ శ్రేణి బిరుదు మరొకరికి దక్కలేదు. 1967లో లా ప్లాతా నగరపు ఎస్తూదియాంతెస్ క్లబ్బు ఆ కోటను మొదటిసారి బ్రద్దలు కొట్టినది. ఈ కాలమంతటా ఫెర్రో ఏతాం బానవలె ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి కదలుతూనే ఉన్నది. 1958, 1963, 1970 సంవత్సరాలలో ద్వితీయ శ్రేణిలో విజేతయై పైకి వచ్చినది. 1977లో మరల దిగి, 1978లో మరల ద్వితీయ శ్రేణి విజేతగా తిరిగి వచ్చినది. అప్పటికి అది పెద్ద ఆశలు పెట్టుకొనని క్లబ్బు. పడకుండా ఉండడమే పదివేలు అనుకొనే స్థితి.

టోపీ పెట్టుకొన్న గురువు

1980లో కార్లోస్ తిమోతెయో గ్రిగోల్ శిక్షకుడుగా వచ్చినాడు. 1934లో కోర్దోబా రాష్ట్రంలోని ఒక పల్లెలో జన్మించిన ఈయన 1973లోనే రొసారియో సెంట్రల్ జట్టును జాతీయ విజేతగా నిలిపినవాడు. తలమీద టోపీ ఆయనకు గుర్తు. ఫెర్రో వద్ద ఖరీదైన ఆటగాళ్ళను కొనే ధనం లేదు. ఉన్నవారిని తీర్చిదిద్దడమే శరణ్యం. గ్రిగోల్ ఆ పనికి తగినవాడు.

ఆయన ఆటలో క్రమశిక్షణను ప్రధానంగా భావించినాడు. బంతి ఎదుటివారి చేజిక్కిన క్షణంలోనే అందరూ కలిసి ఖాళీలను మూయాలి. బంతి తమకు దొరికిన క్షణంలోనే అందరూ కలిసి కదలాలి. అదే క్లబ్బులో బాస్కెట్‌బాల్ శిక్షకుడుగా ఉండిన లియోన్ నజ్నూదెల్‌తో ఆయనకు స్నేహం. బాస్కెట్‌బాల్‌లో ఒక ఆటగాడు ప్రత్యర్థి దారికి అడ్డునిలిచి తనవానికి చోటు కల్పించే ఉపాయాన్ని గ్రిగోల్ ఫుట్‌బాల్‌లోనికి తెచ్చినాడని చెప్పుకొంటారు. ఒకే ఆవరణలో రెండు క్రీడలు ఇరుగుపొరుగుగా ఉండడం వలన కలిగిన ప్రయోజనమిది.

అంతకంటె ఆయన శిష్యులు ఎక్కువగా స్మరించేది మరొక విషయం. యువకుడైన ఆటగాని చేతికి మొదటిసారి పెద్ద మొత్తం రాగానే అతని మనస్సు కారు మీదికి పోతుంది. గ్రిగోల్ ముందు ఇల్లు కొనుమనేవాడు. చదువు మానవద్దనేవాడు. ఆట పది పదిహేనేండ్లతో ముగుస్తుందనీ, జీవితం అంతటితో ముగియదనీ ఆయనకు తెలుసు. 2021 మే నెలలో కోవిడ్ వ్యాధితో ఆయన మరణించినప్పుడు దేశంలోని ఆటగాళ్ళు ఆయనను గురువుగానే తలచుకొన్నారు.

ఫలితాలు త్వరలోనే కనిపించినవి. 1981 మెట్రొపాలిటన్ పోటీలో ఫెర్రో గోల్‌కీపరు కార్లోస్ బారీసియో వరుసగా 1075 నిమిషాలపాటు తన వలలో బంతి పడనీయలేదు. అనగా దాదాపు పన్నెండు పూర్తి ఆటల కాలం. అయినప్పటికీ ఆ పోటీలో మారడోనా ఆడిన బోకా జూనియర్స్‌కు ఒకే ఒక్క పాయింటు తక్కువై ఫెర్రో రెండవ స్థానంతో తృప్తిపడవలసి వచ్చినది. అదే సంవత్సరం జాతీయ పోటీ అంతిమ ఘట్టంలో రివర్ ప్లేట్ చేతిలో ఓడినది. ఒకే ఏట రెండుసార్లు అందినట్లే అంది చేజారినది.

మరుసటి యేడు 1982. అర్జెంటీనా సైనిక నియంతృత్వంలో మగ్గుతున్నది. ఏప్రిల్ 2న ప్రారంభమైన మాల్వినాస్ ద్వీపాల యుద్ధం జూన్ 14న పరాజయంతో ముగిసినది. ఆ విషాద వాతావరణంలో, స్పెయిన్‌లో ప్రపంచ కప్పు పోటీలు జరుగుతుండగానే, జాతీయ పోటీ అంతిమ ఘట్టం వచ్చినది. క్విల్మెస్ జట్టుతో మొదటి ఆటలో ఇరుపక్షాలూ గోలు చేయలేదు. జూన్ 27న కబయీతోలోని చెక్క మందిరంలో ఫెర్రో 2-0తో గెలిచి, పోటీ మొత్తంలో ఒక్క ఆటలోనైనా ఓడకుండా, మొట్టమొదటిసారి ప్రథమ శ్రేణి విజేత అయినది. స్థాపన జరిగి అప్పటికి 78 సంవత్సరాలు కావస్తున్నది.

1984లో రెండవ బిరుదు. ఈసారి ప్రత్యర్థి రివర్ ప్లేట్. వారి సొంత మైదానంలోనే ఫెర్రో 3-0తో గెలిచినది. కబయీతోలో రెండవ ఆట జరుగుతూ ఫెర్రో 1-0తో ముందుండగా ప్రత్యర్థి అభిమానుల అల్లరి వలన ఆట ఆగిపోయినది. బిరుదు ఫెర్రోకు దక్కినది. ఆ జట్టులోని బెతో మార్సికో తరువాత ఫ్రాన్సులోని తులూజ్ క్లబ్బుకు వెళ్ళి పేరు గడించినాడు. ఆస్కార్ గర్రే 1986లో ప్రపంచ కప్పు గెలిచిన దేశపు జట్టులో సభ్యుడు. రక్షణ స్థానంలో ఆడిన హెక్తర్ కూపర్ కాలాంతరాన శిక్షకుడై స్పెయిన్‌లోని వలెన్సియా జట్టును 2000, 2001 సంవత్సరాలలో ఐరోపా ఛాంపియన్స్ లీగు అంతిమ పోటీకి చేర్చినాడు. జట్టుకు హృదయం వంటివాడు హెరోనిమో సక్కార్ది. స్పెయిన్‌కు వెళ్ళి ఆడి, మరల తన క్లబ్బుకే తిరిగివచ్చి 1982 విజయంలో పాలుపంచుకొన్నాడు.

ఈ సౌభాగ్యం ఫుట్‌బాల్‌తో ఆగలేదు. బాస్కెట్‌బాల్‌లో ఫెర్రో 1981, 1982, 1987 సంవత్సరాలలో దక్షిణ అమెరికా క్లబ్బుల విజేత. రాజధానికే పరిమితమైన పోటీలతో ఆ క్రీడ వృద్ధి చెందదని, దేశమంతటి పట్టణాలనూ కలిపే లీగు కావాలని నజ్నూదెల్ ఏండ్ల తరబడి వాదించినాడు. 1985లో ఆ జాతీయ లీగు ప్రారంభమైనది. తొలి బిరుదు ఫెర్రోదే. 1986, 1989లలో కూడా గెలిచినది. ఆ లీగులో పెరిగిన తరమే 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అర్జెంటీనాకు బాస్కెట్‌బాల్ స్వర్ణపతకం సాధించి పెట్టినది. నజ్నూదెల్ 1998లోనే మరణించడం వలన ఆ దృశ్యాన్ని చూడలేకపోయినాడు.

పతనము

ఇంతటి సంస్థ ఎందుకు కూలినది? శత్రువులెవరూ కూల్చలేదు. భూకంపం రాలేదు. ఆదాయానికీ వ్యయానికీ నడుమ ఖాళీ ఏటేటా కొంచెం కొంచెం పెరిగినది, అంతే.

దీనిలోని కీలకాన్ని మన విద్యార్థులు, ముఖ్యంగా వాణిజ్యశాస్త్రం చదివేవారు గ్రహించాలి. చిన్న క్లబ్బుకు ఆదాయ మార్గాలు నాలుగు: సభ్యుల చందా, టిక్కెట్లు, టెలివిజన్ ప్రసారాల వాటా, తాను పెంచిన ఆటగాళ్ళను పెద్ద క్లబ్బులకు అమ్మగా వచ్చే ధనం. వీటిలో చందా ఒక్కటే స్థిరమైనది. మిగిలిన మూడూ జట్టు గెలుపోటముల మీద ఆధారపడేవి. జట్టు ఓడుతుంటే టిక్కెట్లు తగ్గుతాయి; శ్రేణి దిగితే ప్రసారాల ధనం తగ్గుతుంది; ఆటగానికి ధర తగ్గుతుంది. కాని ఈతకొలనుకు, వ్యాయామశాలలకు, ఉద్యోగుల జీతాలకు అయ్యే ఖర్చు తగ్గదు. వైభవ కాలంలో పెరిగిన ఇంటిని బీదకాలంలో అదే విధంగా నడపాలంటే అప్పు తప్ప మార్గం లేదు. అప్పు తీర్చడానికి మంచి ఆటగానిని అమ్మాలి. మంచి ఆటగానిని అమ్మితే జట్టు మరింత ఓడుతుంది. ఇదొక విషవలయం.

1993లో గ్రిగోల్ క్లబ్బును విడిచి వెళ్ళినాడు. ఆ దశాబ్దమంతా ఫెర్రో బలహీనపడుతూ వచ్చి 2000లో ద్వితీయ శ్రేణికి దిగజారినది. 2001లో మూడవ శ్రేణికి పడినది. అదే సమయానికి దేశ ఆర్థిక వ్యవస్థ కూడా కుప్పకూలినది. 2001 డిసెంబరులో బ్యాంకులలోని సొమ్మును ప్రజలు తీసుకొనడానికి వీలులేకుండా ప్రభుత్వం ఆంక్షలు విధించినది; విదేశీ ఋణాలు చెల్లించలేమని ప్రకటించినది. ఇంట్లో పొయ్యి వెలిగించడమే కష్టమైన రోజులలో క్లబ్బు చందా ఎవరు కట్టగలరు? 2002లో న్యాయస్థానం ఫెర్రో దివాలా తీసినట్లు ప్రకటించినది. సక్కార్ది కూడా ఆ సంవత్సరమే గుండెపోటుతో కన్నుమూసినాడు. అభిమానులకు ఆ రెండు దుఃఖాలూ ఒకటిగా కలిసిపోయినవి.

సామాన్య కంపెనీ దివాలా తీస్తే భూమిని, భవనాలను వేలం వేసి అప్పులవారికి పంచుతారు. అదే సూత్రం వర్తిస్తే కబయీతోలోని మైదానం ఇండ్ల స్థలాలుగా మారవలసినదే. నగరం నడుమ, రైలు స్టేషను చేరువలో ఉన్న స్థలానికి గిరాకీ ఎంతో ఊహించవచ్చును. కాని అంతకుముందే, 1999లో, ఐదు పెద్ద క్లబ్బులలో ఒకటైన రేసింగ్ ఇటువంటి ప్రమాదంలోనే చిక్కుకొని దేశాన్ని కలవరపెట్టినది. ఆ అనుభవంతో 2000లో 25,284వ నెంబరు చట్టం వచ్చినది. దాని ప్రకారం అప్పులలో మునిగిన క్రీడాసంఘాన్ని వెంటనే మూసివేయకుండా, న్యాయమూర్తి పర్యవేక్షణలో ముగ్గురు ధర్మకర్తలకు అప్పగిస్తారు. వారిలో ఒకరు న్యాయవాది, ఒకరు గణకుడు, ఒకరు క్రీడా నిర్వహణలో అనుభవజ్ఞుడు. సంఘాన్ని నడుపుతూనే అప్పులు తీర్చడం వారి బాధ్యత. క్రీడాసంఘం ఇటుకలు, సున్నం మాత్రమే కాదని, ఒక పేట ప్రజల సాంఘిక జీవనమని చట్టం అంగీకరించినదన్నమాట.

ధర్మకర్తల పాలనలో ఉండగానే జట్టు మూడవ శ్రేణిలో గెలిచి 2003లో ద్వితీయ శ్రేణికి తిరిగివచ్చినది. కాని సభ్యులకు ఓటు హక్కు తిరిగిరావడానికి చాలా కాలం పట్టినది. 2014లో దివాలా స్థితి తొలగి, సభ్యులు తమ కార్యవర్గాన్ని తామే ఎన్నుకొన్నారు. పన్నెండేండ్లపాటు తమ ఇంటి తాళంచెవి పరుల చేతిలో ఉండగా, ఆ ఇంటిలోనే ఆడుతూ, చందాలు చెల్లిస్తూ వారు ఓపిక పట్టినారు. 2000లో పోయిన ప్రథమ శ్రేణి స్థానం తరువాతి పావు శతాబ్దంలోనూ తిరిగి దక్కలేదు. అయినా చెక్క మందిరం స్థలం చెక్కు చెదరలేదు. దాని ప్రక్కన సర్మియెంతో మార్గపు రైళ్ళు నేటికీ నడుస్తున్నవి.

మనము గ్రహింపదగినది

ఈ కథను చదివి, సభ్యుల పాలన గొప్పదని వెంటనే తీర్మానించడం తొందరపాటు. ఫెర్రోను 1980వ దశకంలో శిఖరానికి చేర్చిన కార్యవర్గాన్ని ఎన్నుకొన్నది సభ్యులే. 1990వ దశకంలో అప్పుల ఊబిలోనికి దింపిన కార్యవర్గాలను ఎన్నుకొన్నదీ సభ్యులే. ఓటు హక్కు ఉన్నంత మాత్రాన లెక్కలు సరిపోవు. గెలుస్తున్న రోజులలో జమాఖర్చుల పుస్తకం తెరచి చూచేవారు ఎక్కడనైనా తక్కువే. ఓడుతున్న రోజులలో అందరూ చూస్తారు, అప్పటికి ఆలస్యమైపోతుంది.

మరి సభ్యుల సంఘం కాక, ఒక ధనికుని సొత్తయి ఉంటే ఈ గతి పట్టేది కాదని వాదించేవారు ఆ దేశంలోనే ఉన్నారు. 2023 డిసెంబరులో వచ్చిన అధ్యక్షుని అత్యవసర ఉత్తర్వు క్లబ్బులు వాటాల కంపెనీలుగా మారడానికి ద్వారం తెరవజూచినది. దేశపు ఫుట్‌బాల్ సంఘం దానిని వ్యతిరేకించినది. పెట్టుబడి వస్తే మంచి జట్టు వస్తుందన్నది ఒక పక్షం. పెట్టుబడి పెట్టినవాడు లాభం లేనినాడు మైదానాన్ని అమ్మడని ఎవరు హామీ ఇస్తారన్నది రెండవ పక్షం. ఈ వివాదంలో ఫెర్రో చరిత్రను ఇరుపక్షాలవారూ సాక్ష్యంగా చూపవచ్చును. సభ్యుల పాలనలోనే అది దివాలా తీసినదని ఒకరు అనవచ్చు. సభ్యులు విడిచిపోలేదు గనుకనే దివాలా తరువాత కూడా బ్రతికినదని మరొకరు అనవచ్చు. నా మటుకు నాకు రెండవ మాటలోనే ఎక్కువ బరువు కనిపిస్తున్నది. కంపెనీకి కొనుగోలుదారులుంటారు; ఓడిననాడు వారు మరొక అంగడికి పోతారు. సంఘానికి సభ్యులుంటారు, ఓడిననాడు వారికి పోవడానికి వేరే ఇల్లు లేదు.

కళాశాల కూడా ఒక సంఘమే. భవనాలు, గుర్తింపులు, ర్యాంకులు దాని వైభవం. కాని దానిని కష్టకాలంలో నిలబెట్టేవి రెండు: నిజాయితీగా వ్రాసిన లెక్కల పుస్తకం, ఓటమిలో కూడా తమదని భావించే మనుష్యులు. మొదటిది మన కార్యవర్గంవారి చేతిలో ఉన్నది. రెండవది ఈ ఆవరణ నుండి పట్టాలు పుచ్చుకొని వెళ్ళే విద్యార్థుల చేతిలో ఉన్నది. 1904లో ఒక సాయంకాలం కూడిన ఆ 95 మంది రైలు ఉద్యోగులు జాతీయ బిరుదులను కలలో కూడా ఊహించి ఉండరు. పని ముగిసిన తరువాత కలిసి ఆడుకొనడానికి ఒక చోటు కోరినారు. బిరుదులు వచ్చినవి, పోయినవి. ఆ చోటు మాత్రం నూట ఇరువది ఏండ్లు దాటినా నిలిచి ఉన్నది. మన విద్యార్థులు ఈసారి మెస్సీ ఆటను చూచేటప్పుడు, అటువంటి చోట్లను చందాలతో నిలుపుకొంటూ వస్తున్న ఆ దేశపు సామాన్య జనాన్ని కూడా ఒక్క క్షణం తలచుకొందురుగాక.